నార్మల్ అని రాసిన కాగితం

“పెట్టరా సంతకం! ఇంకా ఎంతసేపు ఆ పెన్ను అలా తిప్పుతూ కూర్చుంటావు?”

తల్లి కొడుకుతో ఆ మాట అనడం అది మూడోసారి. బల్ల మీద ఆసుపత్రి వాళ్లిచ్చిన ఒప్పుదల కాగితం ఉంది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి అతని భార్యకు మత్తిస్తారు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, లోపలికి గొట్టం పంపి, పిల్లలు ఎందుకు పుట్టడం లేదో చూస్తారు. రోగి సంతకం చేయవలసిన చోట భార్య నిన్ననే చేసేసింది. భర్త సంతకం చేయవలసిన గీత ఖాళీగా ఉంది.

అతను లిఫ్టు మెకానిక్. పన్నెండో అంతస్తు పైన, కాళ్ల కింద చీకటి గొయ్యి నోరు తెరుచుకుని ఉన్నా, చేయి వణక్కుండా బోల్టు బిగించే మనిషి. ఇప్పుడు పెన్ను మూత తీయడానికి వేళ్లు రావడం లేదు.

“వీడికి భయంగా ఉన్నట్టుందమ్మా, పెళ్లానికి కోత అంటే,” అంది అక్క. ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. ఈ కాగితం సంగతి తెలిసిన దగ్గర నుంచి సాయంత్రం కాగానే వచ్చి కూర్చుంటోంది. “చేయించుకునేదానికి లేని భయం నీకెందుకురా చిన్నోడా?”

చేయించుకునే మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటోంది. కోర్టులో టైపిస్టు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు కొట్టడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చి అరగంటైనా భుజానికున్న సంచీ ఇంకా తీయలేదు.

“నాకేం భయం లేదు వదినా,” అంది. “నా సంతకం అయిపోయింది. ఆయనదే మిగిలింది.”

“అదే నేనూ అంటున్నాను. లోపం ఎక్కడుందో తేలిపోతే ఎవరికైనా మంచిదే కదా,” అంటూ తల్లి లేచి బీరువా తెరిచింది.

ఆమె ఏం తీయబోతోందో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసు రికార్డు గదిలో పనిచేసి రిటైరైన మనిషి. మనుషులు అబద్ధమాడతారేమో గాని కాగితం ఆడదని ఆమె నమ్మకం. కొడుకు వీర్య పరీక్ష రిపోర్టు వచ్చిన రోజే దాన్ని పట్టుకెళ్లి లామినేషన్ చేయించింది. ఇంటికొచ్చిన చుట్టాల్లో కనీసం ముగ్గురికి దాన్ని చూపించింది.

“ఇదిగో, చూడండి. లెక్క నార్మల్. కదలిక నార్మల్. ఆకారం నార్మల్. నేనన్నది కాదమ్మా, మిషన్ అన్నది.”

“మిషన్‌కి మొహమాటం ఉండదుగా మరి!” అంది అక్క.

“ఉండదు,” అంది భార్య. “మిషన్‌కి ఏం తెలుసు పాపం. ముందు పెట్టింది చూసి చెబుతుంది.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అతని చెవులు వేడెక్కాయి.

“ఏమిటా ఎత్తిపొడుపు?” తల్లి గొంతు లేచింది. “రెండేళ్లు దాటింది పెళ్లయి. నేనేమైనా అన్నానా? ఒక్క మాటన్నానా?”

“రిపోర్టు చూపించారు. అది చాలు.”

“చూపిస్తాను! నా కొడుకులో లోపం లేదని నలుగురికీ తెలియొద్దూ?”

భార్య తల తిప్పి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. టైపు మిషన్ ముందు కూర్చుని సాక్షి నోరు ఎప్పుడు తెరుస్తాడా అని చూసే చూపు. అతను తల దించుకున్నాడు. ఆమె సంచీ కుర్చీలో పడేసి, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లిపోయింది.

“రేపు పెడతాను,” అన్నాడు అతను పెన్ను కింద పెట్టి.

“రేపా? రేపు శనివారం. ఆసుపత్రి ఆఫీసు మధ్యాహ్నందాకానే ఉంటుందట...” తల్లి మాట పూర్తికాకుండానే అతను మెట్లెక్కాడు.

మేడ మీద ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె తీగ మీది బట్టలు లాగి భుజాన వేసుకుంటోంది. క్లిప్పులు టపటపా డబ్బాలో పడుతున్నాయి.

“పెట్టారా సంతకం?”

“నిన్ను కోయించుకోమని నేనన్నానా?”

“వద్దని కూడా అనలేదు.”

“నువ్వే వద్దని చెప్పొచ్చుగా వాళ్లకి!”

“వద్దంటే ఊరుకుంటారా? కారణం అడుగుతారు. ఆ కారణం నాది కాదు. మీది.” ఆమె దుప్పటి మడత పెడుతూనే మాట్లాడుతోంది. “మీ అమ్మగారి ముందు ఆ మాట నేనంటే మొగుణ్ణి రచ్చకీడ్చిన ఆడదాన్ని అవుతాను. అలాంటివాళ్లని నిలబెట్టి ఎలాంటి ప్రశ్నలు అడుగుతారో కోర్టులో రోజూ టైపు కొడుతున్నాను. నేను చెప్పను. మీరు చెబితే సరే. చెప్పకపోతే సోమవారం వెళ్లి ఆ బల్ల మీద పడుకుంటాను. ఏమీ లేని చోట ఏముందో వెతుక్కోమంటాను.”

“బెదిరిస్తున్నావా?”

“అవును.”

ఆమె ఆగలేదు.

“ఎనిమిది నెలలుగా మన మధ్య ఏమీ లేదు. అంతకు ముందున్నది కూడా లెక్కలోది కాదు. ప్రతిసారీ అలిసిపోయానంటారు. గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆ పరీక్ష రోజు మాత్రం ఆ గదిలోకి వెళ్లి నాలుగు నిమిషాల్లో డబ్బా చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. నేను ఎదురుగా బెంచీ మీద కూర్చుని గడియారం చూశాను. ఫోను లోపలికి తీసుకెళ్లారని నాకప్పుడు తెలియదు. మరి నా దగ్గరే ఎందుకు కుదరడం లేదా అనుకున్నాను. సబ్బు మార్చాను. జుట్టు కత్తిరించుకున్నాను. తలుపేసుకుని అద్దం ముందు నిలబడి ఏది బాగాలేదో వెతుక్కున్నాను. తెలుసా మీకు?”

అతనికి తెలియదు. మూడు వారాల కిందట ఆమె అతని ఫోనులో బూతు వీడియోలు చూసింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు ఇలాగే ఉన్నాయి.

పదిహేడేళ్ల వయసులో హాస్టల్లో మొదలైంది. అందరూ చూసేవారు, అతనూ చూశాడు. మిగతావాళ్ల సంగతి తెలియదు గాని అతనికి అది పళ్లు తోముకోవడంలా రోజువారీ పనైపోయింది. మొదట్లో ఒక్క వీడియో సరిపోయేది. తరువాత తరువాత ఒకదాన్ని సగంలో వదిలి ఇంకొకటి, దాన్ని వదిలి మరొకటి. వేలు ఆగేది కాదు. నిన్నటిది ఇవాళ పనికొచ్చేది కాదు. పెళ్లయితే అదే పోతుందనుకున్నాడు. తీరా పక్కన ఊపిరి తీసుకునే మనిషి ఉంటే, చల్లటి పాదాలతో, రోజంతా టైపు కొట్టిన వేళ్లతో ఆమె తాకితే, అతని ఒళ్లు పలకలేదు. ఒకసారి అలా జరిగాక రెండోసారి భయం తోడైంది. మూడోసారికి భయమే మిగిలింది.

ఇదంతా ఆమెకు చెప్పి ఉంటే బాగుండేది. అతని నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“చూడని మగాడెవడో ఒక్కణ్ణి చూపించు. వాళ్లందరికీ పిల్లలు పుట్టడం లేదా? నువ్వే ఏదో శవం పక్కన పడుకున్నట్టు మొహం ముడుచుకుని పడుకుంటావు. ఎవడికి మాత్రం...”

క్లిప్పుల చప్పుడు ఆగిపోయింది.

“ఏమన్నావు?” అందామె. పెళ్లైన రెండేళ్లలో అతన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. “ఇంకోసారి అను. కొంచెం నిదానంగా అను. కాగితం తెచ్చుకుని రాసుకుంటాను.”

అతను ఇంకోసారి అనలేదు. ఆమె బట్టల మూట ఎత్తుకుని అతన్ని రాసుకుంటూ దిగిపోయింది. ఖాళీ తీగ చాలాసేపు ఊగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున అతను పనికి సెలవు పెట్టి, తెలిసినవాళ్లెవరూ తగలరని నమ్మకం కుదిరేంత దూరంలో ఉన్న ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మగవాళ్ల జబ్బులు చూసే పెద్దాయన. ఓపిక తక్కువ మనిషి. నమస్కారం పూర్తికాకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“పొద్దున లేచేసరికి గట్టిపడుతుందా?”

“పడుతుందండీ.”

“ఒక్కరే ఉన్నప్పుడు, ఫోను చూస్తూ?”

“ఇబ్బంది లేదండీ.”

“భార్య దగ్గర?”

అతను నేల వైపు చూశాడు. డాక్టరు ఆ జవాబే రాసుకున్నాడు. వయసెంత, ఎన్నేళ్లుగా చూస్తున్నారు, రోజుకెంతసేపు, తాగుతారా, నిద్ర పడుతుందా. ముప్పై మూడు. పదహారేళ్లుగా. గంట, ఒక్కోసారి రెండు. తాగను. పట్టదు. లోపలి గదిలోకి తీసుకెళ్లి బీపీ చూసి, ఒళ్లంతా పరీక్ష చేసి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాడు.

“రక్త పరీక్షలు రాస్తున్నాను. షుగరు, హార్మోన్లు. ఈ వయసులో నాకెందుకుంటాయని ధీమాగా ఉండొద్దు. అవి బాగున్నాయనుకోండి, అప్పుడు మీ ఒంట్లో రోగం లేదు. అలవాటుంది, దాని నెత్తిన భయం కూర్చుని ఉంది.”

“ఫోను వల్లే అంటారా డాక్టరుగారూ?”

“ఢంకా బజాయించి చెప్పను. మా డాక్టర్లలోనే దీని మీద ఒక మాట లేదు. చూసేవాళ్లందరికీ ఇలా అవదు. కాని మీలాంటివాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు ఆ కుర్చీలో కూర్చుని ఇదే కథ చెబుతున్నారు. ఫోనుతో అవుతుంది, మనిషితో అవదు. మానేశాక చాలామంది తేరుకున్నారు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. షాపులో అడిగి మాత్రలు మింగకండి. ఇద్దరూ కలిసి రండి, మాట్లాడించే మనిషి దగ్గరికి పంపిస్తాను.”

“ఇద్దరూ అంటే... ఆమెకి సోమవారం ఆపరేషనుందండీ. గొట్టం పెట్టి చూసేది.”

“దేనికి?”

“పిల్లలు పుట్టడం లేదని.”

డాక్టరు పెన్ను ఆగింది. “మీరేం పని చేస్తారన్నారు?”

“లిఫ్టు మెకానిక్‌నండీ.”

“లిఫ్టు ఆగిపోయిందని పిలిస్తే వెళ్లి పక్క బిల్డింగు లిఫ్టు విప్పుతారా?”

“విప్పమండీ.”

“మరి ఆవిడ కడుపెందుకు విప్పుతున్నారు? భార్యాభర్తలు కలవడం లేదని అక్కడి డాక్టరమ్మకి తెలుసా?”

“ఆవిడ అడిగిందండీ. మీ మధ్య అంతా సవ్యంగా ఉందా అని. మా అమ్మ పక్కనే ఉంది. అంతా బ్రహ్మాండం అని చెప్పింది.”

పెద్దాయన కళ్లద్దాలు తీసి అతన్ని ఎగాదిగా చూశాడు. “మీ అమ్మగారికెలా తెలుసు?”

నిజానికి ఆ రోజు తల్లి అలా అనగానే అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అబద్ధం తను ఆడనక్కర్లేకుండా పోయిందని. భార్య ఒకసారి తల ఎత్తి చూసి మళ్లీ దించుకుంది. డాక్టరమ్మ ‘సవ్యం’ అని రాసుకుంది. ఆ ఒక్క మాట మీదే పరీక్షల మీద పరీక్షలు నడిచి చివరికి కోత దాకా వచ్చాయి.

“వెళ్లి ఆ పరీక్ష ఆపించండి,” అన్నాడు డాక్టరు. “ఎందుకాపాలో కూడా చెప్పండి. మీ నోటితో. ఇక వెళ్లండి.”

అతను బయటికొచ్చి, గోడ నీడలో నిలబడి ఆసుపత్రికి ఫోను చేశాడు. ఇంట్లో వీలుపడడం లేదు, ఇంకో తేదీ ఇవ్వండి అన్నాడు. సరే, వాయిదా వేస్తాం అన్నారు. అంతే. ఎవరూ కారణం అడగలేదు. పని ఇంత తేలిగ్గా అవుతుందని తెలిస్తే వారం ముందే చేసి ఉండేవాణ్ణి అనుకున్నాడు. బస్సెక్కి ఇంటికి వస్తున్నంతసేపూ, ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదనే లెక్క కట్టుకున్నాడు.

కాని ఆసుపత్రి ఫారంలో ఇంటి నంబరు అని రాసిన చోట ఉన్నది తల్లి నంబరు. వాయిదా ఖాయం చేసుకోవడానికి వాళ్లు ఆమెకు ఫోను చేశారు. ఎవరు ఆపమన్నారో మాత్రం చెప్పలేదు.

అతను తలుపు తోసేసరికి లోపల యుద్ధం నడుస్తోంది.

“భయపడ్డదానివి భయపడ్డానని చెప్పు! చాటుగా ఫోను చేసి తేదీ తీయించేస్తావా?” తల్లి అరుస్తోంది. “లోపలేదో బయటపడుతుందని తెలుసు కాబట్టే కదా!”

“నేను చేయలేదు అత్తయ్యా.”

“నువ్వు చేయకపోతే పక్కింటివాళ్లు చేశారా?” అంది అక్క. “అమ్మా, దీన్ని అడిగితే చెప్పదు. ఆ మధ్య నేనన్న మాటకే నెల రోజులు మాట్లాడటం మానేసింది.”

భార్య గోడకానుకుని నిలబడి ఉంది. అతన్ని చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ఒక్క క్షణం ఆమె మొహంలో ఏదో వెలిగింది. చెప్పాడేమో అనుకుంది. అతని కళ్లు పక్కకు తప్పుకోవడం చూసి ఆ వెలుగు ఆరిపోయింది.

“సరే అత్తయ్యా,” అంది మెల్లగా. “మళ్లీ ఫోను చేయండి. సోమవారానికే పెట్టమనండి. నేను వస్తాను.”

తల్లి ఫోను అందుకుంది. నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

“వద్దమ్మా,” అన్నాడు అతను.

“నువ్వు ఊరుకో.”

“నేనే చేశాను. నేనే ఆపమన్నాను. ఆమెలో లోపం లేదు. నాలో ఉంది.”

అతను నిలబడ్డ చోటే నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్లానన్నాడు. ఎనిమిది నెలలుగా తమ మధ్య కాపురం లేదన్నాడు. పదహారేళ్లుగా ఫోనులో ఏం చూస్తున్నాడో ఆ మాట ఉన్నదున్నట్టు అన్నాడు. వింటున్నది తల్లి అని తెలిసీ అన్నాడు.

తల్లి మొహం ఎర్రబడింది. తరువాత తెల్లబడింది. కొడుకు మీద పడాల్సిన చూపు కోడలి మీద పడింది.

“ఎన్నాళ్లు పట్టిందే వీడికి ఈ పాఠం నేర్పడానికి? సాక్షులకి నేర్పినట్టు నేర్పావు కదే! నార్మల్ అని రాసిచ్చారు డాక్టర్లు! బీరువాలో ఉంది! వాడి నోటితోనే వాణ్ణి మగాడు కాదనిపిస్తావా?”

“అమ్మా, ఆ రోజు ఆ గదిలోకి ఫోను పట్టుకెళ్లాను. అందుకే అయింది.”

“ఛీ!” అంది అక్క. ఆమె లేచి తమ్ముడి ముందుకొచ్చింది. “ఆ మధ్య అంతమందిలో దీన్ని గొడ్రాలన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు కదరా! నా నోరు మూయించకపోగా గోడవైపు చూస్తూ నిలబడ్డావు. నన్ను రాక్షసిని చేసి నువ్వు పెద్దమనిషివయ్యావా?”

“ఇప్పుడు గుర్తు చేసుకోనక్కర్లేదు వదినా,” అంది భార్య. “మీరన్నదీ నాకు గుర్తుంది. ఆయన చూసిన గోడా గుర్తుంది.”

అక్క వెనక్కి వెళ్లి కుర్చీలో కూలబడింది.

తల్లి మాత్రం ఎవరి మాటా వినే స్థితిలో లేదు. ఫోనులో ఇంకో నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద పడేసింది. “వాళ్ల నాన్ననే పిలుస్తాను. వచ్చి కూతుర్ని తీసుకెళ్లమంటాను.”

భార్య తండ్రి దర్జీ. ఈ ఇంటి నుంచి ఫోను వస్తే చాలు, చేతిలో పనాపి, లేచి నిలబడి మాట్లాడే మనిషి. ఫోను కలిసింది. అవతల గడగడమంటున్న కుట్టుమిషన్ ఆగిపోవడం ఇక్కడికి వినపడింది.

“చెప్పండి చెల్లెమ్మగారూ.”

“చెప్పడానికేముంది అన్నయ్యగారూ! పరీక్షకి రానని మీ అమ్మాయి నా కొడుకుని అడ్డం పెట్టుకుంది. వాడికి లేనిపోని రోగాలు అంటగడుతోంది. మీరొచ్చి...”

భార్య ముందుకొచ్చి ఆ ఫోను తీసుకుంది. తను మాట్లాడలేదు. మొగుడి చేతిలో పెట్టింది.

“అమ్మకి చెప్పడం అయిందిగా,” అంది. “రెండేళ్లుగా మీ అందరికీ తల వంచుతున్నది మా నాన్న. ఆయనకి చెప్పు.”

అతని అరచేతిలో ఆ ముసలి గొంతు కంగారు పడుతోంది.

“అల్లుడుగారూ, మీరేనా బాబూ? పిల్ల తెలియక ఏమైనా అని ఉంటే నా మొహం చూసి ఓర్చుకోండి. కోత అంటే చిన్నప్పటి నుంచీ దానికి భయం. సోమవారం నేనే వచ్చి దగ్గరుండి ఆ పరీక్ష చేయిస్తాను. ఈసారి తప్పకుండా చేయిస్తాను.”

తల్లి ఎదురుగా నిలబడి, నోరు తెరవకుండా, వద్దని రెండు చేతులూ ఊపుతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“మామయ్యా,” అన్నాడు అతను. మళ్లీ మొదలుపెట్టాడు. “మామయ్యా, ఆ పరీక్ష అక్కర్లేదు. తప్పు ఆమెది కాదు.”



“మరి ఎవరిది బాబూ?” అన్నాడు దర్జీ.